కజ్జలి, సిందూరం, మధ్యలో సీసా

 ఈ స్మారకసభలో నా వెనక బ్యానరు మీద మాస్టారి పూర్తి పేరు బిరుదులతో సహా రాసి ఉంది. నేను మాత్రం మాస్టారు అనే అంటాను. నలభై ఏళ్ల అలవాటు, ఇప్పుడు మార్చుకోలేను.

నేను ఎం.ఏ. చదివే రోజుల్లో ఒక ఆదివారం ఆయన నా సైకిలు వెనక కూర్చుని, తనకి మేనమామ వరసయ్యే ఒక వైద్యులుగారి ఇంటికి పోనిమ్మన్నారు. పాఠం కోసమని చెప్పలేదు. వెళ్లేసరికి దొడ్లో వేపచెట్టు కింద రససిందూరం తయారీ సాగుతోంది. రాతి కల్వంలో శుద్ధి చేసిన పాదరసం, గంధకం వేసి నూరుతున్నారు. తెల్లటి మెరుపూ పసుపు రంగూ రెండూ చూస్తుండగానే మాయమై, నల్లటి మెత్తటి పొడి మిగిలింది. కాటుకలా ఉంటుంది కనక దాన్ని కజ్జలి అన్నారు. నూరడం ఎప్పుడు ఆపాలి? చిటికెడు తీసి ఎండలో పట్టి చూస్తే ఎక్కడా చుక్కంత మెరుపు కూడా ఉండకూడదు. ఆ స్థితికి వాళ్లు పెట్టుకున్న పేరు నిశ్చంద్రం. చంద్రుడు లేకపోవడం. అమావాస్య అన్నమాట.

తర్వాత ఆ పొడిలో మర్రి చిగుళ్ల రసం పోసి మళ్లీ నూరి ఆరబెడతారు. దీన్ని భావన అంటారు. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి, తర్వాత దీనితో పని ఉంది.

పక్కన ఒక గాజు సీసా. దానికి బంకమట్టి పూసిన గుడ్డ ఏడు పొరలు చుట్టారు, ఒక పొర ఆరాకే ఇంకొకటి. అందులో మూడో వంతు దాకా కజ్జలి పోసి, ఇసుక నింపిన కుండలో మెడ దాకా పాతి, కింద మంట పెట్టారు. అదే వాలుకాయంత్రం. మంట మూడు రకాలు: మృదువు, మధ్యమం, తీవ్రం. ముందు గంధకం పొగలు లేస్తాయి. మెడకి గంధకం పేరుకుపోతే ఎర్రగా కాల్చిన ఇనుప చువ్వ దూర్చి దారి చేస్తారు. ఆ వాసనకి నేను గోడ దాకా పారిపోయి, అక్కణ్ణించే అడిగాను: “ముందే బిరడా బిగించేస్తే ఈ బాధ ఉండదు కదండీ?”

వైద్యులుగారు నా వైపు చూడకుండానే చెప్పారు. “బిగిస్తే సీసాతో పాటు నువ్వూ నేనూ కూడా పోతాం అబ్బాయ్. పొగ పోయేదాకా మూత పెట్టకూడదు. పొగ ఆగి, అడుగు ఎర్రబడ్డాక మూత పెట్టకుండా ఉండకూడదు. అప్పుడు తెరిచి ఉంచితే సరుకంతా ఆకాశానికి పోతుంది.”

పాదరసం ఆవిరి విషం. ఇది విని ఎవరూ వంటింట్లో ప్రయోగాలకి దిగకండి. ఆ సిందూరం రోగికి మంచిదా కాదా అన్నది కూడా నా పరిధి కాదు. నా పరిధి ఆ సీసా.

వారం తర్వాత మాస్టారు నా చేతిలో యుంగ్ రాసిన ‘సైకాలజీ అండ్ ఆల్కెమీ’ పెట్టారు. “ఆ రోజు చూసింది మర్చిపోకముందే చదువు” అన్నారు. చదివాను. సగం అర్థం కాలేదు. అర్థమైన సగాన్ని పట్టుకునే ఇన్నాళ్లూ పాఠాలు చెప్పుకుని బతికాను.

కార్ల్ గుస్తావ్ యుంగ్ 1875లో స్విట్జర్లాండులో పుట్టాడు. ఫ్రాయిడ్‌తో తెగతెంపులయ్యాక, 1913 నుంచి తన మనసు అడుగునుంచి లేచే బొమ్మల్ని, గొంతుల్ని పారిపోకుండా ఎదుర్కొని, రాసి, రంగుల్లో గీసుకున్నాడు. ఆ ఎర్ర అట్ట పుస్తకం ఆయన పోయిన చాలా కాలానికి, 2009లో గానీ అచ్చుకాలేదు. అప్పట్లో ఆయన భయం ఒక్కటే: ఇదంతా నా ఒక్కడి పిచ్చా, ఇంతకుముందు ఈ దారిన ఎవరైనా నడిచారా? 1926 ప్రాంతంలో ఒక కల వచ్చింది. గుర్రబ్బండిలో ఒక పాత భవనం ఆవరణలోకి వెళ్లగానే తలుపులు మూసుకుపోయాయి. మనం పదిహేడో శతాబ్దంలో చిక్కుకుపోయాం అని బండివాడు కేక వేశాడు. ఆ కల రసవాదం గురించేనని చాలా ఏళ్లకి గానీ తెలియలేదు.

1928లో రిచర్డ్ విల్‌హెల్మ్ అనే చైనా పండితుడు తను అనువదించిన ఒక తావో ధ్యానగ్రంథం పంపి, వ్యాఖ్య రాయమన్నాడు. ‘బంగారు పువ్వు రహస్యం’ అని దాని పేరు. పైకి చూస్తే రసవాదం భాష, లోపల ధ్యానం. అది చదివాక యుంగ్ మ్యూనిక్‌లోని ఒక పుస్తకాల వ్యాపారికి, రసవాద గ్రంథాలేవి దొరికినా పంపమని చెప్పి ఉంచాడు. 1593 నాటి లాటిన్ సంకలనం ఒకటి వచ్చింది. తిరగేశాడు, చిరాకుపడ్డాడు, దాదాపు రెండేళ్లు పక్కన పడేశాడు. నాకు యుంగ్‌లో నచ్చేది ఈ చిరాకే. మహాద్రష్టలా మొదటి చూపులోనే గ్రహించానని చెప్పుకోలేదు. తర్వాత గుమాస్తాలా కూర్చుని, ఏ మాట ఏ గ్రంథంలో ఎన్నిసార్లు వచ్చిందో వేల పదబంధాలకి సొంత సూచిక రాసుకున్నాడు. తెలియని భాష నేర్చుకునేవాడు చేసే పని అది. అలా కూర్చున్నాక బొమ్మ కట్టింది. ఒంటరి మనుషులు, పొయ్యి ముందు రాత్రులు రాత్రులు కూర్చుని, పదార్థంలో ఏం జరుగుతోందో అర్థం కాక, తమ లోపల జరిగేదాన్ని తెలియకుండానే సీసాలోకి చూసి రాశారని ఆయన వాదం. నల్లబడడం, తెల్లబడడం, ఎర్రబడడం. నిగ్రెడో, అల్బెడో, రుబెడో. రాజూ రాణీ ఒకే నీళ్లలో దిగి, కలిసి, చచ్చి, ఒకే శవమై పడి ఉండే బొమ్మలు 1550 నాటి ‘రోసారియం’ అనే పుస్తకంలో ఉన్నాయి. రోగికీ వైద్యుడికీ మధ్య మూసిన గదిలో నడిచే వ్యవహారాన్ని యుంగ్ ఆ బొమ్మల ఆధారంగానే 1946లో వివరించాడు.

ఈ దారి మొదట తొక్కింది ఆయన కాదన్నది కూడా చెప్పాలి. వియన్నాకి చెందిన హెర్బర్ట్ సిల్‌బెరర్ 1914లోనే రసవాదాన్ని మనస్తత్వశాస్త్రం వైపునుంచి చదివాడు. పుస్తకాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1923లో ఆత్మహత్య చేసుకున్నాడు.

యుంగ్ తన వాదానికి సాక్ష్యంగా ఒక భౌతికశాస్త్రవేత్త కలల్ని తీసుకున్నాడు. పేరు దాచాడు గానీ ఆయన వుల్ఫ్‌గాంగ్ పౌలీ అని ఇప్పుడు అందరికీ తెలుసు. తల్లి ఆత్మహత్య, విఫలమైన పెళ్లి, తాగుడు, వీటితో కుంగిపోయి వచ్చాడు. తన ఆలోచనలు ఆ కలల్లోకి పాకకూడదని యుంగ్ ఆయన్ని కొత్తగా పనిలోకి వచ్చిన ఒక వైద్యురాలి దగ్గరికి పంపాడు. వెయ్యికి పైగా కలలు జమయ్యాయి. వాటిలో మొదటి నాలుగు వందల్ని పరిశీలిస్తూ, పాత రసవాదుల బొమ్మల క్రమం ఇక్కడా కనిపిస్తోందని చూపించాడు. ‘సైకాలజీ అండ్ ఆల్కెమీ’ 1944లో వచ్చింది. మరుసటి ఏడాది పౌలీకి నోబెల్ వచ్చింది, అయితే అది కలలకి కాదు.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట. రసవాద చరిత్ర రాసేవాళ్లు ఈ వాదాన్ని ఒప్పుకోరు. లారెన్స్ ప్రిన్సిపే, విలియం న్యూమన్ 2001లో రాసిన వ్యాసంలో యుంగ్ మీద గట్టిగానే విరుచుకుపడ్డారు. పాత రసవాదులు కలలు కనే సాధువులు కాదు, తూకం తూచి పనిచేసిన ప్రయోగశాల మనుషులు. సింహం, డేగ, రాజు అన్నవి రహస్యం కాపాడుకోవడానికి పదార్థాలకి పెట్టిన మారుపేర్లు అన్నారు. ప్రిన్సిపే ఆ మారుపేర్లు విప్పి, కొన్ని ప్రక్రియల్ని స్వయంగా ప్రయోగశాలలో చేసి చూశాడు. గ్రంథాల్లో చెప్పిన లోహపు చెట్టు గాజు కుప్పెలో నిజంగానే కొమ్మలు వేసింది. చరిత్ర మాటకొస్తే వాళ్లదే ఒప్పని నా నమ్మకం. మా వైద్యులుగారు కల్వం నూరుతూ తన అవచేతనను అందులోకి దించుకోలేదు. ఆయనకి తెలిసింది గంధకం, పొగ, బిరడా. అయినా నిశ్చంద్రం అన్న మాట పెట్టినవాడు వట్టి రసాయనమే చూశాడా? అక్కడ నేను యుంగ్ పక్కనే నిలబడతాను. రెండు పడవల మీద కాళ్లని మీరు అనొచ్చు. గోదావరి జిల్లావాణ్ణి, అలవాటే.

1937 చివర్లో యుంగ్ మన దేశం వచ్చాడు. కలకత్తాలో భారత సైన్స్ కాంగ్రెస్ రజతోత్సవానికి పిలుపు. ఓడలో తోడుగా తెచ్చుకున్నది ఉపనిషత్తులు కాదు, 1602 నాటి ‘థియేట్రం కెమికం’ మొదటి సంపుటం. అందులో గెరార్డ్ డోర్న్ అనే రసవాది రచనలున్నాయి. ప్రయాణంలో దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివాడు. కలకత్తాలో రక్తవిరేచనాలు పట్టుకుని పది రోజులు ఆసుపత్రిలో పడ్డాడు. తిరువణ్ణామలై వెళ్లే అవకాశం ఉండీ రమణ మహర్షిని చూడకుండానే వెళ్లిపోయాడు. అందుకు తర్వాత రాసుకున్న సంజాయిషీ నాకు ఎన్నడూ సంతృప్తి ఇవ్వలేదు. అదే అరుణాచలానికి 1950లో మన చలం వెళ్లి చివరిదాకా ఉండిపోయారు. యుంగ్, చలం ఎదురుపడి ఉంటే ఏం మాట్లాడుకునేవారో అని మాస్టారు సరదాకి అంటుండేవారు. “పోట్లాడుకునేవారు” అని జవాబు కూడా ఆయనే చెప్పేవారు.

నన్ను ఎక్కువ బాధపెట్టే తప్పిపోవడం ఇంకొకటి ఉంది. మన రసశాస్త్ర మూలగ్రంథాల్లో ముఖ్యమైన ‘రసార్ణవం’ ప్రఫుల్లచంద్ర రాయ్ సంపాదకత్వంలో అదే కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ తరఫున 1910లోనే అచ్చయింది. లాటిన్ రసవాదాన్ని ఒడిలో పెట్టుకుని వచ్చిన మనిషి, సంస్కృత రసవాదం అచ్చయిన ఊళ్లో పది రోజులు మంచం మీద ఉన్నాడు. ఆయన పెద్ద పుస్తకాల్లో చైనా ఉంది, అరబ్బులున్నారు, గ్రీకు ఈజిప్టు జోసిమస్ ఉన్నాడు. మన కల్వానికి మాత్రం అంత చోటు దొరకలేదు.

దొరికి ఉంటే ఏం కనబడేది? మొదట రసం అన్న మాటే. పాదరసం రసమే, చెరకు పిండితే రసమే, నాటకంలో కరుణా రసమే, అన్నంలో కలుపుకునేదీ రసమే. లోహానికీ మనసు తడికీ ఒకే పేరు పెట్టుకున్న జాతికి ఆ రెంటికీ మధ్య పోలిక ఉందని వేరే నిరూపించనక్కర్లేదు. ప్రమాదం కూడా అక్కడే ఉంది, నిరూపించనక్కర్లేదు కనక ఆలోచించడమూ మానేశాం. ఇక పాదరసానికి చేసే అష్టాదశ సంస్కారాల్లో మొదటి ఎనిమిది వినండి: స్వేదనం, మర్దనం, మూర్ఛనం, ఉత్థాపనం, పాతనం, బోధనం, నియమనం, దీపనం. చెమట పట్టించి, నూరి, మూర్ఛపోగొట్టి, లేపి, పడదోసి, మేల్కొలిపి, అదుపులో పెట్టి, ఆకలి రగల్చడం. ఇది ఔషధం తయారీయా, ఒక మనిషి నడివయసు కథా? పాదరసం దోషాల్లో చాంచల్యం ఒకటి. హఠయోగప్రదీపిక నాలుగో అధ్యాయం పాదరసాన్నీ మనసునీ పక్కపక్కన పెట్టి, రెండూ పుట్టుకతో చంచలమే, రెంటినీ బంధించగలిగినవాడికి అసాధ్యం లేదంటుంది.

మన నేల మీద ఈ వాసన బాగా పాతది. నాగార్జునుడు రాళ్లని బంగారం చేసి శాతవాహన రాజు విహార నిర్మాణానికి సాయపడ్డాడన్న కథ ఏడో శతాబ్దపు యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ దాకా చేరింది. తత్త్వవేత్త నాగార్జునుడూ రసవాది నాగార్జునుడూ ఒకరు కాదని పండితులంటారు, జనం మాత్రం ఒకణ్ణే చేసుకున్నారు. శ్రీశైలం రససిద్ధుల కొండ అని పేరు మోసింది. వేమన గురించి చెప్పుకునే కథలోనూ ముందు బంగారం పిచ్చి, తర్వాతే విరక్తి. ఆ వరస తిరగేసి చెప్పినవాడు నాకు తగల్లేదు.

ఇప్పుడు ఈ కాలపు సీసా, మైండ్‌ఫుల్‌నెస్ సంగతి. పాళీలో సతి, సంస్కృతంలో స్మృతి. ఈ సభని స్మారకసభ అంటున్నామే, అదే ధాతువు. రీస్ డేవిడ్స్ 1881లో బౌద్ధ సుత్తాలు అనువదిస్తూ దానికి ఆ ఇంగ్లీషు మాట వాడాడు. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ దాన్ని కొన్ని వారాల శిక్షణగా మలిచి, తగ్గని నొప్పులతో బాధపడే రోగులకి నేర్పాడు. దానివల్ల చాలామందికి మేలు జరిగింది, నేను వెక్కిరించడానికి రాలేదు. తెలుగులో మనం ఎరుక అంటున్నాం, చక్కని మాట. కానీ ఇవాళ ఫోనులో యాప్‌గా, ఆఫీసులో మధ్యాహ్నం పది నిమిషాల కార్యక్రమంగా మనకి అమ్ముతున్న ఎరుకలో ఒక సంగతి గమనించండి. దాని పని చల్లార్చడం. కోపం వస్తే చూడు, పోనివ్వు. దిగులొస్తే చూడు, పోనివ్వు. సీసా ఉంది, మంట లేదు. కొందరి విషయంలో ఇంకా ఘోరం: పొగ ఇంకా లేస్తుండగానే బిరడా బిగించడం.

చికిత్స కోసం నా దగ్గరికి వచ్చిన ఒక యువకుడి మాట చెబుతాను, ఆనవాళ్లు మార్చాను. తండ్రి పోయిన పదిహేనో రోజునుంచి రోజూ గంట సేపు శ్వాస మీద ధ్యాస పెట్టేవాడు. ఏడుపు రాగానే దాన్ని ఏడుపుగా గుర్తించి వదిలేసేవాడు. ఏడాది గడిచింది. ఒక్కసారీ ఏడవలేదు. చేతులు వణకడం మొదలైంది. నేను చేసింది ఒక్కటే. ఆ ఏడుపు వచ్చినప్పుడు వదిలెయ్యకు, కూర్చోబెట్టి నీకేం కావాలని అడుగు అన్నాను. మూడో వారం వచ్చి, ఏడుపు తన తండ్రి చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉందని చెప్పాడు. అప్పుడు భోరుమన్నాడు.

యుంగ్ ఈ పద్ధతిని క్రియాశీల కల్పన అన్నాడు. నేను భావన అంటాను. ఇందాక గుర్తుంచుకోమన్న మాట ఇదే. తెలుగులో భావన అంటే ఊహ. పాళీలో భావన అంటే ధ్యానసాధన. మందు నూరేవాడికి భావన అంటే పొడిలో పచ్చి రసం పోసి, ఆ రసం దానికి పట్టేదాకా నూరడం. పొడిపొడిగా నూరితే భావన కాదు, తడి కావాలి. ఎనభయ్యో పడిలో అడుగుపెడుతున్న యుంగ్, 1955-56ల్లో వచ్చిన తన చివరి పెద్ద పుస్తకంలో ఇదే విషయం మీద పట్టుబట్టాడు: లోపలినుంచి లేచే బొమ్మని నాటకం చూసే ప్రేక్షకుడిలా కుర్చీలో కూర్చుని చూస్తే ఏమీ మారదు, నువ్వూ వేదిక ఎక్కి పాత్రవి కావాలి. ఆ పుస్తకం ఆఖరు భాగానికి ఆధారం ఓడలో చదివిన డోర్నే. డోర్న్ మూడు మెట్లు చెప్పాడు. మొదటిది, మనసు శరీరపు ఆవేశాల నుంచి విడివడి తనను తాను చూసుకోవడం. మన యాప్‌లు చెప్పే ఎరుక దాదాపు అక్కడ ఆగుతుంది. రెండోది, అలా విడివడిన మనసు మళ్లీ శరీరంలోకి, సంసారంలోకి దిగి రావడం. మూడోది, లోకమంతటితో ఒకటి కావడం. మూడో మెట్టు గురించి మాట్లాడే అర్హత నాకు లేదు. రెండోదానికి డోర్న్ ఒక యోగం రాశాడు. అందులో ద్రాక్షసారా, తేనె, రోజ్‌మేరీ పువ్వులు, ఎర్ర లిల్లీ, ఇంకా కొన్ని మూలికలు, చివర మనిషి నెత్తురు. ఆ నెత్తుర్ని యుంగ్ ఎలా చదివాడంటే, మనిషి తన మొత్తాన్నీ పెట్టకపోతే ఈ కలయిక జరగదని.

రసవాదులు నిగ్రెడో అన్న ఆ నలుపు బౌద్ధులకి తెలియదనుకోకండి. అయిదో శతాబ్దంలో బుద్ధఘోషుడు రాసిన ‘విసుద్ధిమగ్గ’ విపశ్యన దారిలో భయం, దోషదర్శనం, విసుగు అన్న దశల్ని వరసగా చెబుతుంది. అవి దారి తప్పడం కాదు, దారిలో పడే ఊళ్లు. నాగార్జునసాగర్‌లో ధమ్మ నాగజ్జున అనే విపశ్యన కేంద్రం ఉంది. అలాంటి చోట పది రోజులు మాట్లాడకుండా కూర్చుని వచ్చినవాళ్లు మీలోనూ ఉండొచ్చు. అయిదో రోజో ఆరో రోజో ఏమైందో వాళ్లని అడగండి, చల్లగా ఉందని ఎవరూ అనరు. 2017లో బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పాశ్చాత్య బౌద్ధ సాధకుల్ని అడిగి, ధ్యానంలో ఎదురయ్యే కఠినమైన అనుభవాల్ని 59 రకాలుగా లెక్కతేల్చారు. పాత గ్రంథం తెలిసినవాడికి అందులో ఆశ్చర్యం లేదు. గ్రంథాన్ని వదిలేసి శ్వాసని మాత్రం దిగుమతి చేసుకున్నవాళ్లకే ఆశ్చర్యం.

కాబట్టి సీసా వద్దనడం లేదు. సీసా లేకపోతే కజ్జలి నిప్పుల్లో పడి బూడిద కూడా మిగలదు. లోపలి బొమ్మలతో ఎరుక లేకుండా మాట్లాడబోయి మతి చెడినవాళ్లని ఈ వృత్తిలో చూశాను. ఏడు పొరల మట్టి కావాలి, ఒక పొర ఆరాకే రెండోది. మా శిక్షణలో తప్పు అక్కడే జరుగుతోంది. కొత్త పిల్లలకి మంట పెట్టడం రెండో నెలలోనే నేర్పుతున్నాం, మట్టి పూయడం నేర్పడానికి సిలబస్‌లో గంటలు లేవంటున్నాం. మాస్టారు బోధన కమిటీల్లో ఈ మాట మీదే పోట్లాడేవారు, ఎప్పుడూ ఓడిపోయేవారు. ఇంటికొచ్చి తనే కాఫీ పెట్టుకుని తాగేవారు.

ఆ ఆదివారం సంగతి పూర్తి చెయ్యలేదు. బిరడా బిగించి తీవ్రాగ్ని పెట్టాక, రాత్రి పొద్దుపోయి మంట తీసేశారు. సీసా తనంతట తాను చల్లారాలి, నీళ్లు చల్లకూడదు, కుండలోంచి తియ్యకూడదు. దానికీ పేరుంది, స్వాంగశీతం. మర్నాడు గానీ పగలగొట్టరన్నారు. నాకు మర్నాడు పరీక్ష ఫీజుకి ఆఖరి రోజు. ఉండలేక వచ్చేశాను. కిరసనాయిలులో ముంచిన తాడు సీసా నడుముకి చుట్టి అంటించి, తడిగుడ్డ వేస్తే టప్పున రెండుగా విడిపోతుందని, కింద పోసిన నల్లటిదంతా మెడ దగ్గర ఎర్రగా గట్టిపడి ఉంటుందని తర్వాత విన్నానే గానీ చూడలేదు.

నాలుగు రోజులకి హాస్టలుకి పోస్టులో చిన్న అట్టపెట్టె వచ్చింది. దూదిలో చుట్టిన గాజు పెంకు, ఆ సీసా మెడ ముక్క. లోపలి వైపు వెంట్రుకంత ఎర్రటి గీత. మాస్టారు కార్డు మీద ఒక్క ముక్క రాశారు: “సరుకు వైద్యులుగారిది, గాజు నీది.”

అది ఇవాళ జేబులో తెచ్చాను. సభ అయ్యాక చూడాలనుకున్నవాళ్లు ముందుకి రండి. అంచు ఇంకా పదునుగానే ఉంది, వేళ్లు జాగ్రత్త.